రెండు డిస్కులు, ఒకటే డేటా: ఇంటి కంప్యూటర్‌లో రెయిడ్ అమర్చుకోవడం ఎలా

హార్డ్ డిస్కు చెప్పి చావదు. రాత్రి పడుకునే ముందు బాగానే పనిచేసినది, పొద్దున టక్ టక్ మని నాలుగుసార్లు కొట్టుకుని ఊరుకుంటుంది. అందులో పదేళ్ల ఫోటోలున్నా, ఆ రోజే ఇవ్వవలసిన పని ఉన్నా దానికి పట్టదు. అలాంటి పొద్దున మీరు కంగారు పడకుండా, చెడిన డిస్కు తీసి కొత్తది పెట్టుకుని, ఆ మధ్యలో కూడా మీ ఫైళ్లతో మీ పని చేసుకునేందుకు వీలు కల్పించే ఏర్పాటే రెయిడ్. రెండు లేదా అంతకంటే ఎక్కువ డిస్కులను జతచేసి, కంప్యూటర్‌కు ఒకే డిస్కుగా చూపించడం ఇందులోని కిటుకు.

ఈ పేరు ('రిడండెంట్ అరేస్ ఆఫ్ ఇనెక్స్‌పెన్సివ్ డిస్క్స్' అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు, RAID) 1988 నాటిది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్నింటిని కలిపి వాడుకోవచ్చన్నది వారి వాదన. పేరులోని 'ఐ' అక్షరానికి వారు చెప్పిన అర్థం 'ఇనెక్స్‌పెన్సివ్', అంటే చవకైనది. తర్వాతి కాలంలో అది 'ఇండిపెండెంట్'గా మారిపోయింది. తన సరుకు చవకబారుదని ఏ వ్యాపారి చెప్పుకుంటాడు!

ఇక్కడ మనం చేయబోయేది ఒక్కటే పని: విండోస్ 10 లేదా 11 ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో రెండు హార్డ్ డిస్కులతో మిర్రర్ (ఒకదానిలో రాసినదే రెండో దానిలోనూ పడే జత) పెట్టడం. అమరిక మొత్తం కలిపి గంట పట్టదు. ఆ తర్వాత చేయవలసిన పరీక్ష గురించే నేను ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కొత్తవారు దాదాపుగా అందరూ వదిలేసేది దాన్నే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

రెయిడ్ బ్యాకప్ కాదు. ఈ మాట మీరు ఇదివరకే ఎక్కడో విని ఉంటారు. విన్నవారు కూడా నమ్మరు, అదే ఇబ్బంది. డేటా రెండు చోట్ల ఉంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఒకసారి పాత ఫోల్డర్లు సర్దుతూ ఒక ప్రయాణం ఫోటోలన్నీ పొరపాటున తీసేశాను. మిర్రర్ తన పని తాను చక్కగా చేసింది: మొదటి డిస్కులో తుడిచిన క్షణంలోనే రెండో దానిలోనూ తుడిచింది. అద్దం ముందు నిలబడి మీరు తల గోక్కుంటే అద్దంలోని మనిషి మాత్రం గోక్కోకుండా ఉంటాడా?

పొరపాటున తీసేసిన ఫైలు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్, దొంగతనం, అగ్నిప్రమాదం, కంప్యూటర్‌లోని పవర్ సప్లై చెడి డిస్కులన్నింటినీ ఒకేసారి కాల్చేయడం — వీటిలో ఒక్కదాని నుంచీ రెయిడ్ కాపాడదు. అది కాపాడేది ఒక డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే. కాబట్టి మీ దగ్గర రెండు డిస్కులకు మాత్రమే డబ్బుండి, బ్యాకప్ ఇంకా లేకపోతే, ఈ వ్యాసం పక్కన పెట్టేయండి. రెండో డిస్కును బయటి పెట్టెలో అమర్చి, వారానికొకసారి కాపీ చేసుకుని, తీగ పీకి అల్మరాలో పెట్టుకోండి. అదే మేలు. బ్యాకప్ ఉన్నవారికే మిగతాది.

ఏ రకం రెయిడ్

రెయిడ్‌లో రకాలకు అంకెలతో పేర్లు పెట్టారు. ఇంట్లో ఎదురయ్యేవి నాలుగైదు.

రెయిడ్ 0లో ఫైలును ముక్కలు చేసి సగం ఒక డిస్కులో, సగం మరో దానిలో రాస్తారు. వేగం పెరుగుతుంది, రెండింటి జాగా మీకే. కానీ ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది. అంటే భద్రత పెరగకపోగా తగ్గుతుంది. ఆ సున్నా ఊరికే పెట్టలేదనుకోండి. వేగం కావాలంటే ఒక మంచి ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని వేగవంతమైన డిస్కు) కొనుక్కోవడం నయం.

రెయిడ్ 1 అంటే మిర్రర్. ఒక డిస్కులో ఉన్నదే రెండో దానిలోనూ ఉంటుంది. 4 టెరాబైట్ల డిస్కులు రెండు పెడితే మీకు దక్కేది 4 టెరాబైట్లే. సగం జాగా పోయిందని బాధపడకండి, దాన్ని బీమా కిందికి రాసుకోండి.

రెయిడ్ 5కు కనీసం మూడు డిస్కులు కావాలి. ఇందులో పారిటీ అనే లెక్క ఉంటుంది, వినడానికి సరదాగా ఉంటుంది. ఒక డిస్కులో 1, రెండో దానిలో 0 ఉన్నాయనుకుందాం. మొత్తం మీద 1ల సంఖ్య సరిసంఖ్య కావాలన్నది నియమం. ఇప్పుడు ఒకటే 1 ఉంది కాబట్టి మూడో డిస్కులో 1 రాస్తారు. రేపు రెండో డిస్కు చచ్చిపోతే, మిగిలినవి 1, 1. అప్పటికే సరిసంఖ్య అయింది, కాబట్టి పోయినది 0 అయి ఉండాలి. ఇంతే లెక్క. కోట్లాది బిట్లకు ఇదే లెక్క కట్టి పోయిన డిస్కును మళ్లీ పుట్టిస్తారు. నిజానికి పారిటీని ఒకే డిస్కులో ఉంచకుండా అన్నింటికీ పంచుతారు. రెయిడ్ 6లో అలాంటి లెక్కలు రెండు ఉంటాయి, కనీసం నాలుగు డిస్కులు కావాలి, రెండు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 10 అంటే మిర్రర్ జతలను కలిపి వేగం తెచ్చుకోవడం, దానికీ నాలుగు కావాలి.

పారిటీ ఇంత అందంగా ఉన్నా కొత్తవారికి నేను మిర్రరే చెబుతాను. పారిటీ పద్ధతిలో ఒక డిస్కు పోతే దాన్ని తిరిగి కట్టడానికి మిగతా డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఇంటి వాడకానికి అమ్మే చాలా డిస్కుల వివరాల పత్రంలో, కోటి కోట్ల బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటి తగలవచ్చని తయారీదారులు రాస్తారు. కోటి కోట్ల బిట్లంటే 12.5 టెరాబైట్లు. ఆచరణలో డిస్కులు అంతకంటే మెరుగ్గానే ఉంటాయి, కానీ పెద్ద డిస్కులు నాలుగైదు చదవవలసి వచ్చినప్పుడు ఆ అంకె గుర్తుకొస్తుంది. మిర్రర్‌లో చదవవలసింది ఒక్క డిస్కే. దానిలో డేటా మామూలు రూపంలోనే ఉంటుంది, లెక్క కట్టి వెలికి తీయవలసింది ఏమీ లేదు.

పని ఎవరికి అప్పగించాలి

మిర్రర్ నడిపే బాధ్యతను మూడు చోట్ల పెట్టవచ్చు. ప్రత్యేకమైన రెయిడ్ కార్డు మొదటిది. ఇంటికి అది అనవసరం. రెండోది మదర్‌బోర్డులోని బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాములో) ఉండే రెయిడ్ సదుపాయం. చాలామంది దీన్ని చూసి ఆశపడతారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. విండోస్ వేసి ఉన్న కంప్యూటర్‌లో బయాస్‌కు వెళ్లి సాటా (డిస్కులను బోర్డుకు కలిపే లంకె) విధానాన్ని మామూలుగా ఉండే ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిస్తే, మరుసటిసారి విండోస్ లేవకపోవచ్చు. పైగా ఆ మిర్రర్ ఆ తరహా మదర్‌బోర్డుకే అలవాటు పడుతుంది. బోర్డు పోతే, డిస్కులు రెండూ క్షేమంగా ఉన్నా వాటిని చదివే బోర్డు కోసం వెతుక్కోవాలి.

మూడోది సాఫ్ట్‌వేర్ రెయిడ్. ఆపరేటింగ్ సిస్టమే ఈ పని చూసుకుంటుంది. మిర్రర్‌కు ప్రాసెసర్ మీద పడే భారం ఈనాటి కంప్యూటర్లకు లెక్కలోకి రాదు. విండోస్‌లో దీనికి స్టోరేజ్ స్పేసెస్ అనే సదుపాయం ఉంది. 2012లో విండోస్ 8తో పాటు వచ్చింది, హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంటుంది. డిస్కులు రెండూ తీసి విండోస్ ఉన్న వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అక్కడా గుర్తుపడుతుంది. నేను దీన్నే ఎంచుకోమంటాను. పాత పుస్తకాల్లో డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి డైనమిక్ డిస్కులతో మిర్రర్ చేసే పద్ధతి కనిపిస్తుంది. విండోస్ ఉన్న డిస్కునే మిర్రర్ చేసుకోవడానికి తప్ప మిగతా అవసరాలకు డైనమిక్ డిస్కుల కాలం అయిపోయిందని మైక్రోసాఫ్టే చెబుతోంది. హోమ్ ఎడిషన్‌లో ఆ దారి అసలు లేదు.

ఒక పరిమితి గుర్తుంచుకోండి: స్టోరేజ్ స్పేసెస్‌తో కట్టిన మిర్రర్ నుంచి విండోస్ మొదలుకాదు. కాబట్టి విండోస్ ఒక ఎస్ఎస్‌డీలో విడిగా ఉండాలి, మిర్రర్‌లో మీ ఫైళ్లు ఉండాలి. ఇది లోపమని నేను అనుకోను. విండోస్ పోతే మళ్లీ వేసుకోవచ్చు, ఫోటోలను మళ్లీ తీసుకోలేం.

డిస్కులు ఎంచుకోవడం

రెండూ ఒకే పరిమాణంలో ఉండాలి. 4, 6 టెరాబైట్ల డిస్కులను జతచేస్తే మిర్రర్ 4 దగ్గరే ఆగుతుంది, మిగిలిన 2 ఖాళీగా పడి ఉంటాయి. పరిమాణం ఒకటే అయినా, వీలైతే ఒకే రోజు ఒకే పెట్టెలోంచి తీసిన రెండు డిస్కులు కొనవద్దు. ఒకే ఘడియలో తయారైన కవలలకు లోపమూ ఒకటే ఉండవచ్చు, ఒకే కాలంలో బయటపడవచ్చు. వేర్వేరు కంపెనీలవి, లేదా వేర్వేరు నెలల్లో తయారైనవి తీసుకోవడం తెలివైన పని.

ఎస్ఎంఆర్ అనే మాట గమనించండి. కొన్ని డిస్కుల్లో డేటా రాసే గీతలను పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పడేలా పేరుస్తారు. తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. అయితే మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదపాలి. మామూలు వాడకంలో ఇది తెలియదు. మిర్రర్ తిరిగి కట్టే సమయంలో గంటల తరబడి ఆగకుండా రాయవలసి వచ్చినప్పుడు ఈ డిస్కులు నత్తనడక నడుస్తాయి. కొన్నిసార్లు జవాబివ్వడం మానేసి, చెడిపోయిన డిస్కుగా ముద్ర వేయించుకుంటాయి. రెయిడ్‌కు గీతలు ఒకదాని మీద ఒకటి పడని సీఎంఆర్ రకం కావాలి. కొన్ని కంపెనీలు ఈ తేడా చెప్పకుండానే ఎస్ఎంఆర్ డిస్కులు అమ్ముతున్నట్టు 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఇప్పుడు తయారీదారుల వెబ్‌సైట్లలో ఏ మోడల్ ఏ రకమో చెప్పే పట్టికలుంటున్నాయి. కొనే ముందు మోడల్ నంబరు చూసి సరిపోల్చుకోండి.

యూఎస్‌బీ డిస్కులతో మిర్రర్ పెట్టడానికి విండోస్ అడ్డు చెప్పదు, నేను చెబుతాను. తీగ కాస్త కదిలితే ఒక డిస్కు తప్పిపోతుంది, మిర్రర్ తెగుతుంది. లోపల సాటా తీగలతో బిగించినవే వాడండి.

మొదటి అడుగు: ఖాళీ చేయడం, పేర్లు రాసుకోవడం

స్టోరేజ్ స్పేసెస్‌లోకి చేర్చిన డిస్కు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కుల్లో ఏదైనా ఉంటే ముందే వేరే చోటికి కాపీ చేయండి. కాపీ అయిన ఫైళ్లలో నాలుగైదు తెరిచి చూడండి.

తర్వాత ప్రతి డిస్కు మీద ముద్రించిన సీరియల్ నంబరులోని చివరి నాలుగు అంకెలను ఒక చీటీ మీద పెద్దగా రాసి, డిస్కు బిగించాక కూడా కనిపించే అంచున అంటించండి. ఇప్పుడిది చాదస్తంలా కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఒక డిస్కు పోయినప్పుడు, ఒకే రంగులో ఒకే ఆకారంలో ఉన్న రెండింటిలో చెడినది ఏదో తెలియక, బాగున్నదాన్ని పీకేవారు ఎందరో. ఆ చీటీ విలువ అప్పుడు తెలుస్తుంది.

రెండో అడుగు: బిగించడం

కంప్యూటర్ ఆపి, గోడలోని ప్లగ్గు తీసేయండి. కేసు తెరిచాక దాని లోహపు భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ప్రతి డిస్కునూ దాని గూటిలో పెట్టి నాలుగు మరలూ బిగించండి. వదులుగా ఉన్న డిస్కు వణుకుతుంది, ఆ వణుకు పక్క డిస్కుకూ చేరుతుంది. రెండింటి మధ్య గాలి ఆడేలా ఒక గూడు ఖాళీగా వదిలితే మంచిది. ఒక్కో డిస్కుకు రెండు తీగలు: సన్నటిది డేటాకు, వెడల్పాటిది కరెంటుకు. రెండింటి మూతులూ ఎల్ ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. కుదరడం లేదని బలం ప్రయోగించకండి.

మదర్‌బోర్డులో ఎం.2 ఎస్ఎస్‌డీ (తీగ లేకుండా నేరుగా బోర్డులోనే గుచ్చేది) ఉంటే, కొన్ని బోర్డుల్లో దాని కారణంగా ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయవు. డిస్కు కనిపించకపోతే ముందు బోర్డు మాన్యువల్‌లో ఇది చూడండి, తర్వాతే డిస్కును అనుమానించండి.

మూడో అడుగు: ఆరోగ్య పరీక్ష

విండోస్ లేచాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో రెండు డిస్కుల స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. అక్కడ డజన్ల కొద్దీ వరుసలుంటాయి. మీకు కావలసినవి మూడే: 05 (చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న గదులు), సీ5 (అనుమానంతో పక్కన పెట్టినవి), సీ6 (సరిచేయలేకపోయినవి). కొత్త డిస్కులో ఈ మూడింటి ముడి విలువలు సున్నా ఉండాలి. లేకపోతే తిరిగి ఇచ్చేయండి. తయారీదారు ఇచ్చే పరీక్షా ప్రోగ్రాముతో డిస్కు మొత్తాన్ని ఒకసారి చదివించగలిగితే ఇంకా మంచిది. ఒక రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

నాలుగో అడుగు: మిర్రర్ కట్టడం

స్టార్ట్ మెనూలో స్టోరేజ్ స్పేసెస్ అని వెతకండి. కంట్రోల్ ప్యానెల్‌లోని 'సిస్టమ్ అండ్ సెక్యూరిటీ' కింద కూడా ఇది దొరుకుతుంది. తెరిచాక కొత్త పూల్‌నూ స్టోరేజ్ స్పేస్‌నూ సృష్టించమనే లింకు ఉంటుంది. నొక్కితే నిర్వాహకుడి అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. పూల్ అంటే డిస్కులన్నీ కలిసిన ఒక రాశి. ఆ రాశిలోంచి కోసి తీసే డ్రైవే స్పేస్.

వాడగలిగిన డిస్కుల జాబితా వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ బ్యాకప్ డిస్కు కూడా తగిలించి ఉంటే అదీ ఈ జాబితాలో కనిపించవచ్చు. పరిమాణం, మోడల్ చూసి మీ రెండు డిస్కులకే టిక్కు పెట్టండి. ఇంకా మంచి పద్ధతి, ఈ పని చేసేటప్పుడు మిగతా డేటా డిస్కులన్నీ పీకి పక్కన పెట్టడం. అన్నీ సరిచూసుకున్నాక పూల్ సృష్టించే బటన్ నొక్కండి. వెనక్కి తిరిగే దారి ఇక లేదు.

తర్వాతి పేజీలో పేరు, డ్రైవు అక్షరం అడుగుతుంది, మీకు నచ్చినవి ఇవ్వండి. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ ఉంచండి. అసలు నిర్ణయం రెసిలియెన్సీ (డిస్కు పోతే తట్టుకునే పద్ధతి) అనే చోట ఉంది. 'సింపుల్' అంటే ఏ రక్షణా లేనిది, పేరు చూసి మోసపోకండి. మనకు కావలసింది 'టూ-వే మిర్రర్'. 'త్రీ-వే'కు కనీసం అయిదు డిస్కులు, 'పారిటీ'కి మూడు కావాలి.

చివరగా పరిమాణం. 4 టెరాబైట్ల డిస్కు ఇక్కడ సుమారు 3.63గా కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారులు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. అయితే ఈ గడిలో వేరే గమ్మత్తు ఒకటి ఉంది: ఉన్నదానికంటే పెద్ద అంకె వేసినా విండోస్ ఒప్పుకుంటుంది. 'ముందు ముందు డిస్కులు చేరుస్తారులే' అని దాని నమ్మకం. అలా వేస్తే ఎక్స్‌ప్లోరర్‌లో చాలా జాగా ఉన్నట్టు కనిపిస్తూనే, అసలు డిస్కులు నిండిపోయి ఒక రోజు డ్రైవు హఠాత్తుగా ఆగిపోతుంది. అది చూపిన గరిష్ఠ పరిమాణాన్నే ఉంచండి. స్పేస్ సృష్టించే బటన్ నొక్కితే కొద్ది క్షణాల్లో కొత్త డ్రైవు ప్రత్యక్షమవుతుంది.

మిర్రర్ తయారైంది. ఫైళ్లు మాత్రం ఇంకా పెట్టకండి.

అయిదో అడుగు: కావాలనే తెంచి చూడడం

నా మొదటి మిర్రర్‌లో ఒక డిస్కు చచ్చిపోయిన సంగతి నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. ఆ నాలుగు నెలలూ ఫైళ్లు మామూలుగానే తెరుచుకున్నాయి. మూలన ఒక చిన్న హెచ్చరిక వచ్చే ఉంటుంది, రోజూ వచ్చే నవీకరణల సందేశాల్లో దాన్నీ ఒకటిగా మూసేసి ఉంటాను. రక్షణ ఉందనుకుని ఒంటి డిస్కు మీద బతికాను. డిస్కు పోయినప్పుడు తెర ఎలా కనిపిస్తుందో నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు, అందుకే గుర్తుపట్టలేదు. మీరు ఇవాళే చూడండి.

పోయినా బాధ లేని ఫైళ్లు కొన్ని, నాలుగైదు గిగాబైట్ల వీడియోలు, కొత్త డ్రైవులో వేయండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఒక డిస్కు డేటా తీగను పీకండి. ఏది పీకారో చీటీ మీది అంకెతో కాగితం మీద రాసుకోండి. మళ్లీ కంప్యూటర్ వేయండి.

డ్రైవు కనిపించాలి, వీడియోలు ఆడాలి. స్టోరేజ్ స్పేసెస్ పేజీ తెరిస్తే ఆకుపచ్చ గుర్తుల స్థానంలో పసుపు హెచ్చరిక ఉంటుంది, రక్షణ తగ్గిందని చెబుతుంది, తప్పిపోయిన డిస్కును చూపిస్తుంది. ఆ పేజీని ఫోనుతో ఫోటో తీసుకోండి. హెచ్చరిక సందేశం ఏ మూలన, ఏ మాటలతో వచ్చిందో, లేదా అసలు రాలేదో గమనించండి. ఈ స్థితిలోనే రెండు మూడు కొత్త ఫైళ్లు డ్రైవులో వేయండి.

మళ్లీ ఆపి, తీగ పెట్టి, వేయండి. తప్పిపోయిన డిస్కు తిరిగొచ్చింది, కానీ మీరిప్పుడే వేసిన ఫైళ్లు దానిలో లేవు. విండోస్ మామూలుగా తనంతట తానే మరమ్మతు మొదలుపెట్టి ఆ తేడా పూరిస్తుంది. పేజీలో మరమ్మతు శాతం పెరుగుతూ ఉంటుంది. అది పూర్తయి, అంతా సవ్యంగా ఉందన్న మాట కనిపించేదాకా రెండో డిస్కు జోలికి పోవద్దు. పోతే కొత్త ఫైళ్లున్న ఒకే ఒక్క ప్రతిని మీ చేత్తో మీరే పీకినవారవుతారు.

అంతా సరి అయ్యాక ఇదే తంతు రెండో డిస్కుతో చేయండి. ఈసారి, మొదటి విడత తెగి ఉన్నప్పుడు వేసిన ఫైళ్లు మొదటి డిస్కు నుంచి తెరుచుకుంటే, మరమ్మతు నిజంగా జరిగిందని తేలినట్టే. తెరుచుకోకపోతే, మీరు నష్టపోయింది పనికిరాని వీడియోలే కదా. తీగలు మార్చి, పూల్ తుడిచి మళ్లీ కట్టండి.

ఈ రెండు విన్యాసాలూ అయ్యాకే అసలు ఫైళ్లు ఎక్కించండి.

నిజంగా ఒక డిస్కు పోయిన రోజు

మొదట చేయవలసింది బ్యాకప్ తాజాగా ఉందో లేదో చూడడం. లేకపోతే, కొత్త డిస్కు కోసం పరుగెత్తే ముందు, బతికి ఉన్న డిస్కు నుంచి ముఖ్యమైనవి బయటికి కాపీ చేయండి. మిగిలిన డిస్కు మీద అత్యధిక భారం పడేది మిర్రర్ తిరిగి కట్టే గంటల్లోనే.

కొత్త డిస్కు పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. స్టోరేజ్ స్పేసెస్ పేజీలో చెడినది ఏదో చూసి, సీరియల్ నంబరును చీటీతో సరిపోల్చండి. ఖాళీ సాటా పోర్టు ఉంటే, పాతది తీయకముందే కొత్తది బిగించి పూల్‌లో చేర్చండి. తర్వాత పాత డిస్కు పేరు పక్కనున్న లింకుతో తొలగింపుకు సిద్ధం చేయమనండి. విండోస్ డేటానంతా కొత్తదానికి తరలిస్తుంది. అది ముగిశాకే తొలగించి, కంప్యూటర్ ఆపి బయటికి తీయండి. డిస్కు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఈ మర్యాదలేవీ అక్కరలేదు: ఆపి, తీసి, కొత్తది పెట్టి, పూల్‌లో చేర్చి, మరమ్మతు ముగిశాక పాతదాని పేరు జాబితాలోంచి తొలగించండి.

ఎంతసేపు పడుతుంది? నిండా 4 టెరాబైట్లుండి, సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రాస్తే ఏడున్నర గంటలు. మధ్యలో మీరు వాడుతుంటే ఇంకా ఎక్కువ. ఆ రాత్రి కంప్యూటర్ నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగులు మార్చడం మరచిపోకండి.

లైనక్స్, మ్యాక్ వాడేవారికి

లైనక్స్‌లో ఎండీఆడ్మ్ అనే పనిముట్టు ఉంది. ఆదేశాలు టైపు చేయాలి, కానీ నమ్మకస్తురాలు. మిర్రర్ స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైలులో రెండు 'యూ' అక్షరాలు పక్కపక్కన ఉంటే క్షేమం, ఒక 'యూ' స్థానంలో కిందిగీత కనిపిస్తే ఒక డిస్కు లేదని అర్థం. కొత్తవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఒకచోట: మిర్రర్ కట్టాక దాని వివరాలను కాన్ఫిగరేషన్ ఫైలులో రాసి, బూటు ఇమేజ్‌ను (సిస్టమ్ లేచేటప్పుడు మొదట వాడుకునే ఫైలును) నవీకరించాలి. ఆ పని మరిస్తే ఎండీ0 అని మీరు పెట్టిన పేరు తిరిగి వేయగానే ఎండీ127గా మారి కూర్చుంటుంది. అందుకే డ్రైవును పేరుతో కాక యూయూఐడీ అనే దాని గుర్తింపు సంఖ్యతో తగిలించండి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ మెనూలోనే రెయిడ్ అసిస్టెంట్ ఉంది, మిర్రర్ ఎంచుకుంటే మిగతాది అదే నడిపిస్తుంది. ఏ సిస్టమ్ అయినా తెంచి చూసే పరీక్ష మాత్రం ఒకటే.

తర్వాత

నెలకొకసారి స్టోరేజ్ స్పేసెస్ పేజీ తెరిచి ఆకుపచ్చ గుర్తులు చూడండి, 05, సీ5, సీ6 అంకెలు రాసుకోండి. ఒక అంకె సున్నా నుంచి కదిలి నెలనెలా పెరుగుతుంటే, డిస్కు ఇంకా పనిచేస్తున్నా కొత్తది తెప్పించండి. కరెంటు తరచూ పోయే చోట ఒక యూపీఎస్ పెట్టుకోండి. రాస్తుండగా కరెంటు పోతే రెండు డిస్కుల్లో రెండు రకాల డేటా మిగిలే ప్రమాదముంది. పారిటీ పద్ధతిలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

తీసిన పాత డిస్కును ఎవరికైనా ఇచ్చే ముందు ఆలోచించండి. అది మిర్రర్‌లో సగం కాదు, మీ ఫైళ్లన్నీ ఉన్న పూర్తి ప్రతి. పనిచేస్తుంటే మొత్తం తుడిచి ఇవ్వండి, పనిచేయకపోతే లోపలి పళ్లేలకు రంధ్రాలు చేసి పారేయండి.